ముందు వరుసలో గుసగుసల బాబాయి

ఆ నాటకాల హాల్లో ఆయన్ని అందరూ గుసగుసల బాబాయి అనేవారు. తెర పక్కన నిలబడి, నటులు మరిచిపోయిన మాటని వాళ్ళకి మాత్రమే వినపడేలా అందించడం ఆయన ఉద్యోగం. ప్రాంప్టర్ అంటారు. పోస్టరు మీద పేరుండదు, చప్పట్లలో వాటా ఉండదు. కానీ మహారాజు వేషం కట్టినవాడికి నోరు తడారిపోయిందంటే, వాడి కళ్ళు వెతికేది బాబాయినే. అక్కడ అందరికీ తలలో నాలుక ఆయన. ఇంటికొస్తే మాత్రం నోట్లో నాలుక లేని మనిషి.

ఆ పనిలో ఆయనకో పద్ధతి ఉంది. వాక్యమంతా చెప్పకూడదు, మొదటి మాట అందిస్తే చాలు, మిగతాది దానంతటదే వస్తుంది. పైగా ఆగినవాళ్ళంతా మరిచిపోయినవాళ్ళు కారు. కావాలని ఆగినవాడికి అందిస్తే తిడతాడు, మరిచిపోయినవాడికి అందించకపోతే ఇంకా ఎక్కువ తిడతాడు. ఏది ఏదో వాళ్ళ ఊపిరిని బట్టి పసిగట్టేవాడు బాబాయి.

ఆయన ఒక్కసారైనా మాట అందించాల్సిన అవసరం రాని మనిషి ఆ హాల్లో ఒక్కతే. పద్యాలు చదివే ఆవిడ. ఆవిడనే పెళ్ళాడాడు. "మీ ఉద్యోగానికి నేను పనికిరాను, వేరే దాన్ని చూసుకోండి" అని ఆటపట్టించేది. ఆ కంచు గొంతుకీ ఈ గుసగుసకీ ముడి ఎలా పడిందా అని చుట్టాలు ఇప్పటికీ బుగ్గలు నొక్కుకుంటారు.

అలాంటి ఆవిడకి ఈ మధ్య మాటలు జారిపోతున్నాయి. మొదట వంటింట్లో మొదలైంది. "అది... ఆ చిల్లులది ఇలా ఇవ్వండి" అంది ఒకరోజు. "జల్లెడ" అని బాబాయి వెనకనించి అందించాడు. "ఇంట్లో కూడా డ్యూటీయేనా?" అంది. ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. సొంత చెల్లెలి పేరు తట్టనప్పుడు మాత్రం నవ్వలేదు. స్కానింగ్ చూసిన డాక్టరు ఇది తగ్గేది కాదు, పెరిగేదే అన్నాడు. ఆస్పత్రి మెట్ల మీద ఆమె భర్త చేత ఒట్టు వేయించుకుంది.

"ఎవ్వరికీ చెప్పకండి. నన్ను చూసి జాలిపడితే నేను బతకలేను."

సరిగ్గా అప్పుడే హాలు నుంచి కబురొచ్చింది. కొత్తగా వచ్చిన డైరెక్టరమ్మాయి, బళ్ళో అందరూ బట్టీ పట్టే ఆ పాత కావ్యాన్ని సరికొత్తగా చూపించాలనుకుంది. ఘట్టానికొకరు చదువుతారు, గోడలనిండా దీపాలతో బొమ్మలు పడతాయి, పక్కన వయొలిన్. చివరి ఘట్టం పిన్నిగారే చదవాలని పట్టుబట్టింది. ఇల్లు విడిచి వెళ్ళిపోతున్న ఒక ఇల్లాలు, ఒక్కొక్క వస్తువు దగ్గరా ఆగి సెలవు తీసుకునే ఘట్టం అది. గడప, దీపం, బావి, దూడ, అలా వరసగా. బొమ్మలకి చీకటి కావాలి కనక కాగితం చూసి చదవడం కుదరదు.

"వద్దులే" అన్నాడు బాబాయి.

"ఈ ఒక్కసారికి చదవనివ్వండి" అంది ఆమె. "అయినా మీరు పక్కనే ఉంటారుగా."

ఉన్నాడు. రిహార్సల్స్‌లో ఒళ్ళంతా కళ్ళు చేసుకుని నిలబడ్డాడు. ఆమె ఊపిరి తడబడిన ప్రతిచోటా మాట అందించాడు. ఆమె అందుకుంది. ఎవరికీ అనుమానం రాలేదు, గట్టెక్కుతామనే అనుకున్నాడు.

ప్రదర్శన రోజు సాయంత్రం డైరెక్టరమ్మాయి వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"బాబాయ్, ఇవాళ మీరు లోపల నిలబడొద్దు. పక్కలనించి కూడా బొమ్మలు వేస్తున్నాం, మనిషుంటే నీడ పడుతుంది. ఇన్నేళ్ళూ చీకట్లో నిలబడ్డారు. ఈ ఒక్కరోజు ముందు వరుసలో కూర్చుని పిన్నిగార్ని కళ్ళారా చూడండి."

చెబుతుంటే ఆ పిల్లకి కళ్ళు చెమర్చాయి. అవమానిస్తే తిరగబడొచ్చు, ఇంత ప్రేమగా గౌరవిస్తే ఎవరేం చేస్తారు? చెబితే ఒట్టు పోతుంది, చెప్పకపోతే ఆమె పరువు పోతుంది. "అలవాటు తప్పితే నాకేం తోచదమ్మా" అని గొణిగాడు బాబాయి.

"అంతా కొత్తగా ఉంటుంది, తోచకేం?" అని నవ్వి కుర్చీ దాకా తీసుకెళ్ళి మరీ కూర్చోబెట్టింది.

ఆ పిల్ల అటు తిరగ్గానే లేచి మేకప్ గదికి పరిగెత్తాడు. తలుపు మూసేశారు. గంట కొట్టేశారు. వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

మొదటి ఘట్టాలు ఎప్పుడు వచ్చాయో, ఎప్పుడు పోయాయో ఆయనకి తెలీదు. చివరికి ఆమె వచ్చింది. వెనక గోడ మీద నీలం రంగులో పెద్ద గడప బొమ్మ పడింది. ఆమె గొంతు విప్పగానే హాలు ఉలిక్కిపడింది, పాత కంచు ఇంకా మోగుతోంది. గడపకి సెలవు చెప్పింది. దీపానికి చెప్పింది. అక్కడ ఆగింది.

అది కావాలని ఆగడం కాదు. ఆ ఊపిరి సంగతి ఆయనకి తెలీదా? ఆమె మెల్లగా ఎడమ పక్కకి తిరిగింది. ఆయన ఎప్పుడూ నిలబడే చోట ఏదో మిషను మినుకుమినుకుమంటోంది.

"బావి" అన్నాడు బాబాయి కుర్చీలోంచి. ఆయన గుసగుస పక్క కుర్చీ దాకా కూడా వెళ్ళలేదు. జన్మంతా ఎవరికీ వినపడకుండా మాట్లాడటమే నేర్చుకున్నాడు పాపం, ఇప్పుడు గొంతు పెంచుదామంటే పెగల్లేదు. పెంచితే మాత్రం? హాలంతా తెలిసిపోతుంది. కక్కలేక మింగలేక సగం లేచాడు. "కూర్చోండి సార్, కనపడట్లేదు" అన్నారు వెనకనించి. వయొలిన్ కూడా ఆగిపోయింది. గోడ మీద బావి బొమ్మ పడింది, కానీ ఆమె గోడకేసి చూడటం లేదు. ఆ ఖాళీ వైపే చూస్తోంది.

"ఏమండీ" అంది మైకులో.

మళ్ళీ, తప్పిపోయిన చిన్నపిల్లలా, "ఏమండీ, ఎక్కడున్నారు?" అంది.

కావ్యంలో ఆ మాట లేదు. హాల్లో ఎవరో వెక్కారు. వయొలిన్ ఆ పిలుపునే అందుకుని సాగదీసింది. లైట్లతను ఇదే ముగింపనుకుని ఒక్కొక్క దీపమే తగ్గించాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కూర్చుని ఉన్నది బాబాయి ఒక్కడే.

తెర వెనక్కి వెళ్ళేసరికి ఆమె చేతినిండా పూలు. డైరెక్టరమ్మాయి ఏడుస్తూ ఆమెని కావిలించుకుంది. "పిన్నిగారూ, వెళ్ళిపోయేది ఆవిడే, అయినా మొగుణ్ణే పిలవడం! ఎలా తట్టిందండీ మీకు?" అని, బాబాయి వైపు తిరిగి, "రేపటి ఆటలో కూడా ఆ పిలుపు సరిగ్గా అక్కడే రావాలి. మీరే దగ్గరుండి ప్రాక్టీసు చేయించాలి బాబాయ్" అంది.

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. భార్య పూల చాటునించి ఆయన చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అలాగేనమ్మా" అన్నాడు.

మర్నాడు పొద్దున్న కాఫీలయ్యాక ఆమెని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. రాత్రి హాలు, పూలు, చప్పట్లు గుర్తున్నాయా అని అడిగితే, "బాగానే చదివాగా?" అంది. బాగా చదివావన్నాడు. ఆ తర్వాత ఇంక చేసేదేం లేక పని మొదలుపెట్టాడు.

"దీపం దగ్గర ఆగాలి. ఆగి, ఆ పక్కకి చూసి, 'ఏమండీ' అని పిలవాలిట."

ఆమె ఆయన మొహంలోకి చూసింది.

"నిన్న పిలిచాను" అంది. "మీరు పలకలేదు."