జాన్ బాబు గారి తాడు

రాజస్థాన్ ఎడారిలో రాక్ క్లైంబింగ్ ఉత్సవానికి వెళ్లొచ్చాక, నాతో వచ్చిన మా స్కూలు మాస్టారు జాన్ బాబు గారు బండ మీద ఏడ్చారని ఏలూరంతా చెప్పి నవ్వించాను. ఆయనకు కట్టిన తాడు కింద నా చేతిలోనే ఉందని మాత్రం చెప్పలేదు.

నీళ్లు కూడా దొరకని చోటికి డబ్బు కట్టి వచ్చి రాళ్లకు వేలాడే జనమంటే నాకు వెటకారం; మాస్టారు రమ్మంటే వెళ్లాను. ఆయన సగం ఎక్కి, "ఏవండీ, భయమేస్తోంది, దించేయండి" అన్నారు.

"ఎక్కండి మాస్టారూ, కొల్లేటి కొంగలు నవ్వుతాయి" అన్నాను గానీ దించలేదు.

అక్కడ నేర్పే స్థానిక యువతి నన్ను పక్కకు నెట్టి, తాడు అందుకుని ఆయన్ను దించింది. చుట్టూ ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

"ఓడినవాడికి చప్పట్లేమిటి?" అన్నాను.

"భయమని చెప్పగలిగినందుకు. మీ చేతికి మాత్రం ఇక ఎవరూ తాడివ్వరు" అందామె. ఇవ్వలేదు కూడా.

చాలా ఏళ్లకు తాడేపల్లిగూడెంలో ఆయన ఇంటికి వెళ్లి, నా కథ విన్న ఆయన కొడుకు ఎదుటే చెప్పాను: "మీ నాన్నగారు ఏడవలేదు బాబూ, దించమని అడిగారంతే. నేనే దించకుండా నవ్వాను. క్షమించండి మాస్టారూ."