ఒక్కరు కాదన్నా వెనక్కే

మా కబురక్క చెప్పకుండా ఏదీ తీయదు. బల్ల మీద పెన్ను కావచ్చు, గోడ మీద క్యాలెండరు కావచ్చు, నడుస్తున్న కంప్యూటరులోంచి ప్రాసెసరు కావచ్చు. తీయబోయే ముందు దానితో సంబంధం ఉన్న ప్రతి మనిషి దగ్గరికీ వెళ్ళి, "ఇది తీస్తున్నాను, మీకేమైనా అభ్యంతరం ఉందా?" అని అడుగుతుంది. జవాబు వచ్చేదాకా అక్కడి నుంచి కదలదు. ఆవిడ అసలు పేరేమిటో ఆఫీసులో సగం మందికి తెలియదు.

ఇంతవరకూ భరించవచ్చు. కానీ అడిగినవాళ్ళలో ఒక్కరు "వద్దు" అన్నారంటే మన పని అయిపోయినట్టే. అప్పటిదాకా "సరే" అన్నవాళ్ళందరి దగ్గరికీ, చివరి మనిషి నుంచి మొదటి మనిషి దాకా తిరుగు వరసలో వెళ్ళి, "రద్దయింది, వెనక్కి" అని చెప్పి వస్తుంది. ఒకరిని దాటేసి ఇంకొకరికి చెప్పదు. మధ్యలో ఒకాయన బాత్రూముకి వెళితే తలుపు బయట నిలబడి ఎదురుచూసిన రోజు కూడా ఉంది.

ఈ జబ్బు ఉద్యోగం వల్ల వచ్చిందా, జబ్బు చూసే ఉద్యోగం ఇచ్చారా అన్నది మాలో మాకు తేలని వాదన. ఆవిడ రాసేది కెర్నెల్. అంటే కంప్యూటరులో అన్నిటికీ అడుగున ఉండి, ఎవరికి ఏ పని, ఎంత చోటు అని పంచిపెట్టే పెద్ద మేస్త్రీ. యంత్రాన్ని ఆపకుండా, అది నడుస్తుండగానే, కొత్త ప్రాసెసర్లూ మెమరీ పలకలూ పెట్టడానికీ, ఉన్నవి తీయడానికీ ఆ మేస్త్రీకి నేర్పించడం ఆవిడ పని. ఆవిడ రాసినదాన్ని పరీక్షించి తప్పులు పట్టడం నా పని. ఏడేళ్ళలో నేను పట్టిన తప్పులు మూడు. అందులో రెండు నావే.

"పెట్టడం ఎవడైనా పెడతాడు. తీయడంలోనే ఉంది మర్యాద," అనేది నాతో. "ఆ ప్రాసెసరు మీద ఎవరెవరు ఆధారపడి ఉన్నారో అందరికీ ముందు కబురు వెళ్ళాలి. గడియారానికి, డిస్కుకి, నెట్‌వర్కుకి. ఒక్కరు కాదన్నా ఆగిపోవాలి. ఎక్కడివక్కడ మళ్ళీ సర్దేసి రావాలి."

"మరి మెమరీ పలకో?"

"దాని మీద ఎవరు ఏం దాచుకున్నారో అదంతా ముందు వేరే పలక మీదికి చేర్చాలి. ఒక్క ముక్క మిగిలినా పలక ముట్టుకోకూడదు."

కంప్యూటరులో ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. మనుషులతో అంత తొందరగా అవదు కదా. ఒకసారి క్యాంటీనులో ఖాళీ కుర్చీ కావాల్సివచ్చి, ఆ బల్ల దగ్గరున్న తొమ్మిది మందినీ అడిగింది. ఎనిమిది మంది నోట్లో ముద్ద పెట్టుకునే తలూపారు. తొమ్మిదో ఆయన సరదాకి "వద్దండీ" అన్నాడు. ఆవిడ ఎనిమిది మందికీ వెనక్కి చెప్పి, ప్లేటు చేత్తో పట్టుకుని నిలబడే తినేసింది. ఆ తొమ్మిదో ఆయన మళ్ళీ జన్మలో ఆవిడతో సరదాకి ఏమీ అనలేదు.

పన్ను పీకించుకోవడానికి ఒక పూట సెలవు పెట్టిన కథ ఇంకా ఘోరం. పదకొండు మందికి చెప్పింది, అందరూ వెళ్ళి రమ్మన్నారు. గేటు దగ్గర కాపలా ఆయన, "ఇవాళ వద్దమ్మా, వాన పడేలా ఉంది," అన్నాడు. ఆవిడ బుగ్గ బూరెలా ఉబ్బిపోయి ఉంది. అలాగే తిరిగొచ్చి పదకొండు మందికీ "రద్దయింది, వెనక్కి" అని చెప్పింది. పన్ను మర్నాడు పీకించుకుంది. డాక్టరు మత్తు సూది తీసేలోపు అటూ ఇటూ ఉన్న పళ్ళ సంగతేమిటని అడిగిందని వాళ్ళాయన మాతో చెప్పుకుని తల పట్టుకున్నాడు.

"మా ఇంట్లో పాత సోఫా ఎందుకుందో తెలుసా మీకు?" అన్నాడు ఆయనే. "మా అమ్మ సరేనంది. పిల్ల సరేనంది. నేనైతే దండం పెట్టి మరీ సరేనన్నాను. పక్కింటావిడని కూడా అడిగింది. ఆవిడేమో, అయ్యో, నేనొస్తే ఎక్కడ కూర్చోను, అంది. అంతే, సోఫా ఉండిపోయింది. పక్కింటావిడ రోజూ వస్తోంది."

మేనేజరుకి మాత్రం కబురక్క చెవిలో జోరీగ. ఒకరోజు ల్యాబుకి వచ్చి, "ఇంత తతంగం ఎందుకమ్మా? ఒక స్విచ్చి పెట్టు. 'బలవంతంగా తీసేయ్' అని. నొక్కగానే పోవాలి," అన్నాడు.

"పోతుంది సార్. దాంతోపాటు యంత్రం కూడా పోతుంది."

"కస్టమరు అడుగుతున్నాడు."

"నొక్కాక ఎవరి మీద అరుస్తాడు?"

"నీ మీదే."

"అందుకే పెట్టను."

ఆయన మొహం కందగడ్డలా చేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పై అంతస్తు నుంచి మూడు ఉత్తరాలు వచ్చాయి. మూడిటికీ కలిపి ఆవిడ రాసిన జవాబు ఒకటే మాట: "పెట్టను." పైగా ఆ మాట రాస్తున్నానని ముగ్గురికి చెప్పి మరీ రాసింది.

ఇక్కడ మా బాబాయి గురించి చెప్పాలి. ఆయన ఎవరికీ చుట్టం కాదు, ల్యాబు టెక్నీషియను. కబురక్క కెర్నెల్ "ఇక తీసుకోవచ్చు" అని పచ్చ దీపం ఆర్పి పసుపు దీపం వెలిగించగానే, ఒంట్లోని స్థిర విద్యుత్తు పలకకి తగలకుండా మణికట్టుకి పట్టీ కట్టుకుని, ఊపిరి బిగబట్టి, నడుస్తున్న యంత్రంలోంచి పలకని బయటికి లాగేది ఆయన. పదహారేళ్ళుగా అదే పని. ఏ యంత్రానికి ఏ గొళ్ళెం మొరాయిస్తుందో ఆయన బొటనవేలికి తెలుసు. మాట మాత్రం బహు తక్కువ. ఇంకో రెండేళ్ళు ఉద్యోగం ఉంది ఆయనకి.

ఒక శుక్రవారం పొద్దున్న మేనేజరు కబురక్కని గదిలోకి పిలిచాడు. ల్యాబు తాళాలు ఆవిడ పేరు మీద ఉన్నాయి కాబట్టి ఆవిడకి చెప్పక తప్పలేదు. ఇకమీదట పలకలు పెట్టడం, తీయడం అంతా ఉత్తుత్తి యంత్రాలతో సాఫ్ట్‌వేరులోనే పరీక్షిస్తారట. టెక్నీషియను అక్కర్లేదట.

"బాబాయికి చెప్పారా సార్?"

"చెబితే ఏడుపులు, బతిమాలడాలు. సోమవారం గేటు దగ్గర కార్డు పని చెయ్యదు. ఆయనకే అర్థమవుతుంది."

ఆవిడ లేచింది. బయటికి వచ్చి ఒక కాగితం, పెన్సిలు తీసుకుంది. ఆవిడా మేనేజరూ కాక, మా అంతస్తు మొదలు నుంచి చివర దాకా నలభై రెండు మందిమి. కాలికి బలపం కట్టుకుని మొదటి బల్ల దగ్గర మొదలుపెట్టింది.

"బాబాయిని ఉద్యోగంలోంచి తీస్తున్నారు. మీకేమైనా అభ్యంతరం ఉందా?"

అడిగిన తీరు క్యాంటీనులో కుర్చీ కోసం అడిగినట్టే ఉంది. కానీ మేనేజరు గది తలుపు తెరిచే ఉంది. ఒకరు నీళ్ళు నమిలారు, ఒకరు ఫోనెత్తి ఎవరూ లేని ఫోనులో "హలో" అన్నారు. ఆవిడ కదిలితేనా? చివరికి అందరూ అనాల్సిందే అన్నారు: "నాకేముందండీ అభ్యంతరం." ఆవిడ ప్రతి పేరు ఎదురుగా టిక్కు పెట్టుకుంది.

నా బల్ల ల్యాబులోనే. నేను నలభై ఒకటో మనిషిని. అవతల మూల బాబాయి స్క్రూలు బిగిస్తున్నాడు. నేను స్క్రీను మీంచి కళ్ళు ఎత్తకుండా, "నాదేముందక్కా, పైవాళ్ళ ఇష్టం," అన్నాను. ఇంత సిగ్గులేని మాట నా నోట అంతకుముందు రాలేదు.

టిక్కు పెట్టుకుని ఆవిడ బాబాయి దగ్గరికి వెళ్ళింది.

"బాబాయ్, మిమ్మల్ని సోమవారం నుంచి తీసేస్తున్నారు. మీకేమైనా అభ్యంతరం ఉందా?"

ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. "నన్నడుగుతారేంటమ్మా?"

"సంబంధం ఉన్నవాళ్ళందరినీ అడగాలి కదా. మీకంటే సంబంధం ఎవరికుంది?"

ఆయన చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. ఆవిడ కదల్లేదు. యంత్రాల ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి.

"ఉందమ్మా," అన్నాడు. తర్వాత ఇంకాస్త గట్టిగా, "నాకు అభ్యంతరం ఉంది," అన్నాడు.

"మంచిది," అని రాసుకుంది. వెనక్కి తిరిగింది. తిరుగు వరసలో మొదటివాణ్ణి నేనే.

"రద్దయింది, వెనక్కి," అంది నాతో.

మామూలుగా ఆ మాట అని సాగిపోయేది. ఈసారి పెన్సిలు నా పేరు మీద పెట్టి అలాగే నిలబడింది. మొహంలో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. టిక్కు చెరిపేందుకు పెన్సిలు వెనకనున్న రబ్బరు నావైపు తిప్పి ఉంది.

"నాక్కూడా ఉందక్కా," అన్నాను. అన్నాక ప్రాణం లేచి వచ్చింది. నా టిక్కు చెరిపేసి ముందుకు నడిచింది. నేనూ వెనకాలే లేచాను. బాబాయి కూడా లేచాడు.

అప్పుడు అర్థమైంది నాకు. భయంతో "సరే" అన్నవాడికి మళ్ళీ ఒకసారి నోరు తెరిచే వీలు ఇవ్వడానికే ఆవిడ వెనక్కి తిరిగి వస్తుంది. ఇన్నేళ్ళూ దీన్ని మేము పిచ్చి అనుకుని నవ్వాం.

నలభయ్యో ఆయన "నాకూ ఉంది" అన్నాడు. ముప్పై తొమ్మిదో ఆవిడైతే కబురక్క నోరు తెరవకముందే "చెరిపెయ్యండి" అంది. ఎవరూ లేని ఫోనులో మాట్లాడినాయన ఫోను పెట్టేసి ఊరేగింపులో చేరిపోయాడు. ఇద్దరు మాత్రం తల ఎత్తలేదు. ఆవిడ వాళ్ళనేమీ అనలేదు, టిక్కు అలాగే వదిలేసింది. మేనేజరు గది దగ్గరికి వెళ్ళేసరికి వెనకాల నలభై మందిమి ఉన్నాం.

"ఏమిటీ గుంపు?" అన్నాడాయన.

"నలభై అభ్యంతరాలు సార్. రద్దయింది, వెనక్కి."

"మనిషిని తీయడానికి నలభై మందిని అడగాలా? ఇదెక్కడి రూలు?"

"మన కెర్నెల్లో రూలే. ఆ రూలు రాసిన కాగితం కింద మీ సంతకం ఉంది. ప్రాసెసరుకిచ్చే మర్యాద మనిషికి ఇవ్వకూడదా సార్?"

ఆయన మా అందరి వంకా చూశాడు. బాబాయి వంక చూడబోయి కిటికీ వంక చూశాడు. "నేనేం చేసేదమ్మా? పైనుంచి చెప్పారు. నా చేతుల్లో ఏముంది?"

"మీకేమైనా అభ్యంతరం ఉందా సార్?"

"ఏమిటీ?"

"బాబాయిని తీయడానికి మీకేమైనా అభ్యంతరం ఉందా?"

పాపం, ఆయన్ని ఆ మాట ఎవరూ అడిగినట్టు లేరు. కబురక్క కదల్లేదు. ఆవిడ కదలదని ఆయనకీ తెలుసు.

"ఉంది," అన్నాడు చివరికి, తనని తానే నమ్మలేనట్టు. "ఉందమ్మా. పదహారేళ్ళుగా మనతో ఉన్న మనిషి. ఎందుకుండదు?"

"అయితే మీకు చెప్పినవాళ్ళకి మీరు వెనక్కి చెప్పాలి."

ఆయన లేచి, చొక్కా సర్దుకుని, పై అంతస్తు మెట్లెక్కాడు. పైన ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు. గంటన్నర పట్టింది, రెండుసార్లు పెద్దగా అరుపులు వినిపించాయి, అందులో ఒకటి మా మేనేజరుదే. దిగి వచ్చేసరికి చెమటలు కక్కుతున్నాడు. మెట్ల దగ్గరున్న మనిషితో మొదలుపెట్టి, బల్ల బల్ల దగ్గరా ఆగి, "రద్దయింది, వెనక్కి," అంటూ ల్యాబు దాకా నడిచాడు. బాబాయి దగ్గరికి వచ్చి ఆ ముక్కే చెప్పాడు.

కబురక్క మాత్రం గుమ్మం దగ్గర అడ్డంగా నిలబడి, "ఆరో బల్ల ఆవిడకి చెప్పలేదు సార్," అంది. ఆయన వెనక్కి నడిచాడు.