ఖర్కాయి ఒడ్డున పొన్నగంటి కూర

మా పక్క క్వార్టరు అత్త పోయారు. పొద్దున్నే ఆదిత్యపూర్ నుంచి వాళ్ల కోడలు ఫోన్ చేసి, "మాజీ నహీ రహీ, ఆంటీ" అంది. పొయ్యి మీద పాలు పొంగుతున్నా కట్టేయాలని తోచలేదు. ఆవిడ నాకు చుట్టం కాదు. ఈ హిందీవాళ్ల ఊళ్లో మన శ్రీకాకుళం వైపు మనిషని అత్తా అని పిలిచాను, అంతే. అయినా ఆవిడ గురించి మీకు చెప్పుకోవాలనిపిస్తోంది.

కద్మాలో, ఉక్కు కంపెనీ క్వార్టర్లలో పక్కపక్కన ఉండే రోజుల్లో నా బిడ్డ పుట్టి, కళ్లు తెరవకుండానే పోయింది. పలకరించడానికి వచ్చినవాళ్లంతా "మళ్లీ పుడతారులే" అనేవారు. అది వినలేక, మా ఆయన డ్యూటీకి వెళ్లగానే గడియ పెట్టుకునేదాన్ని. హోలీ వెళ్లాక ఒకరోజు అత్త తలుపు తట్టారు.

"ఏటమ్మా, ఒక్కదానివే కూకుని ఏటి సేత్తన్నావు? నదికాడికి పోదాం, చలో."

ఖర్కాయి నీళ్లు తగ్గి, తడి ఒడ్డంతా పొన్నగంటి కూర లేతగా పరుచుకుని ఉంది. నేను వేళ్లతో సహా పీకబోయాను.

"పీకకు. కొనలు గిల్లు. మనెనక ఇంకొకలు వత్తారు కదా."

అక్కడే, ఆ రాళ్ల మధ్య కూర్చుని గొంతెత్తి ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. ఆకు ఏరుకుంటూ, నేను ఆగేదాకా పక్కనే ఉన్నారు.

"ఏడ్చుకో, నానొద్దనను. ఆకలేత్తే మాత్రం తినాల."

ఆ మధ్యాహ్నం వెల్లుల్లి, ఎండుమిరపకాయలు వేసి వేయించిన ఆ కూరతో అన్నం కలిపి పెట్టారు. ఎన్నాళ్లకో అన్నం రుచి తెలిసింది.

నాకు మళ్లీ పిల్లలు పుట్టలేదు. ఆ ఊసు ఆవిడ ఒక్కసారైనా ఎత్తలేదు. ఏటా ఎండలు ముదరకముందే ఇద్దరం నదికి వెళ్లేవాళ్లం. మురుగు కలిసేచోట కోయనిచ్చేవారు కాదు. తిరిగొచ్చేముందు మా కాళ్ల కింద నలిగిన మొక్కల్ని వంగి చేత్తో లేపేవారు.

మోకాళ్లు పట్టేశాక కొడుకు ఆవిడను నది అవతల, ఆదిత్యపూర్‌లోని తన ఫ్లాటుకు తీసుకెళ్లాడు. నేనే కూర కోసుకుని వెళ్లేదాన్ని. పోయిన ఏడాది నన్ను గుర్తుపట్టలేదు. కూర ముందు పెడితే ఆవిడ వేళ్లు మాత్రం వాటంతటవే ఆకు దూశాయి. నేను లేస్తుంటే, ఎవరో కొత్త మనిషిని అడిగినట్టు అడిగారు:

"తిన్నావేటమ్మా?"

కర్మ అయిన మర్నాడు ఒంటరిగా ఒడ్డుకు వెళ్లాను. కొంగు నిండా కోశాక గాని, దాన్నిక ఎవరింటికీ తీసుకెళ్లక్కర్లేదని తట్టలేదు. తలెత్తి చూశాను. నది అవతల, వాళ్ల ఫ్లాటు మూడో అంతస్తు బాల్కనీలో ఆవిడ పరుపు ఎండకు వేశారు. కాసేపటికి కోడలు వచ్చి, దాన్ని రెండోవైపు తిప్పి, లోపలికి వెళ్లిపోయింది.