కారు డైరీలో శనివారాలు

పోయినేడాది ఈ పరాయి దేశంలో, హెలెన్స్‌బర్గ్ అనే ఊళ్లో కొని అద్దెకిచ్చిన ఇంటికి కారులో తిరిగిన ఖర్చు టాక్స్‌లో చూపిద్దామని, ఈ రోజు మా ఆవిడ రాసిన కారు డైరీ పట్టుకుని యూసుఫ్ భాయ్ దగ్గరికి వెళ్లాను. ఆయన మా హైదరాబాదీ అకౌంటెంట్. ఆ ఇంటి వ్యవహారమంతా మా ఆవిడే చూసుకుంటుంది. ఏ రోజు వెళ్లింది, ఎన్ని కిలోమీటర్లు, ఏ పని మీద, అన్నీ తెలుగులోనే రాసింది. నేను ఒక్కసారీ తెరిచి చూడలేదు.

యూసుఫ్ భాయ్ పైకి చదివాడు. "మార్గరెట్‌కి గోంగూర పచ్చడి ఇవ్వడం. మార్గరెట్‌తో టీ. మార్గరెట్ దగ్గర కేకు నేర్చుకోవడం."

మార్గరెట్ ఆ ఇంట్లో ఒంటరిగా అద్దెకుండే పెద్దావిడ.

ఆయన కళ్లజోడు తీసి, "ఇది ఇల్లు చూసుడు కాదు సాబ్, చుట్టరికం. దీనికి టాక్సోళ్లు పైసా ఇయ్యరు," అన్నాడు. కుళాయి బాగుచేయించిన ఒక్క ట్రిప్పే పనికొచ్చింది.

ఇద్దరం నవ్వుకున్నాం. తేదీలు చూశాక నా నవ్వు ఆగిపోయింది. అన్నీ నేను వైటూకే పనంటూ ఆఫీసులో కూర్చున్న శనివారాలే. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఏమైపోతాయోనని తెగ బెంగపడ్డాను. ఇంట్లో మనిషి ఏమైపోతుందో చూడమని నాకెవరూ కాంట్రాక్టు ఇవ్వలేదు మరి! మీ ఇంట్లోనూ ఇలాంటి డైరీ ఉంటే తెరిచి చూడండి. ఏం కనబడిందో నాకూ రాయండి.

సాయంత్రం ఇంటికొచ్చి, "ఈ శనివారం నేనూ వస్తాను," అన్నాను.

"తప్పకుండా రండి," అంది మా ఆవిడ. "నాకు మొగుడున్నాడంటే మార్గరెట్ ఇంకా నమ్మట్లేదు."