చేతులు కట్టుకుని కూర్చున్న కెజియా

ముక్త్యాల వైపు సిమెంటు లారీలు తెరిపి లేకుండా తిరుగుతుంటాయి. ఆ ఆదివారం జగ్గయ్యపేటలో ఆరాధన ముగిశాక ఇంటికి రావడానికి ఆ రోడ్డు దాటుతున్నాం. ఏడేళ్ళ నా మనవరాలు కెజియా చెయ్యి నా చేతిలోనే ఉంది. ఉన్నట్టుండి లేదు. లారీ బ్రేకు కీచుమంది. డ్రైవరు తల బయటపెట్టి నన్ను నానా మాటలూ అన్నాడు. కెజియా అవతలి పక్కన కుక్కపిల్లని ఎత్తుకుని నిలబడింది.

"మామ్మా, దీని తోక చూడు" అంది.

ఇంటికొచ్చాక కోడలు సునీత రెండు తగిలించింది. పిల్ల ఏడ్చి, ఇంకెప్పుడూ చెయ్యనంది. మళ్ళీ వారం అదే చోట అలాగే ఉరికింది. అల్లరి పిల్లలైనా ఒకసారి భయపడితే ఆగుతారు. ఈ పిల్లకి భయం నిలవడం లేదు. ఇది అల్లరి కాదని నాకు ఆరోజే గట్టిగా అనిపించింది.

బళ్ళోనూ అదే గొడవ. పాఠం మధ్యలో లేచిపోయేది. ఒకసారి గేటు దాటి బయటికి వెళ్ళింది. హెడ్మాస్టరు పిలిపించి, "డాక్టరుకి చూపించండమ్మా. ఇలాగే ఉంటే వచ్చే ఏడు మేం చేర్చుకోలేం. రోడ్డు మీద ఏమన్నా అయితే మా మీదికొస్తుంది" అన్నాడు.

నా కొడుకు యోహాను సిమెంటు ఫ్యాక్టరీలో చేస్తాడు. విని నవ్వాడు. "నీ పోలికేనే అమ్మా. నీకు నోరాగదు, దానికి కాలాగదు."

"నా నోరు లారీ కింద పడదురా" అన్నాను.

జగ్గయ్యపేటలో పిల్లల డాక్టరుగారు హియరింగ్ టెస్ట్, కంటి టెస్ట్ చేయించారు. రెండూ నార్మల్. "ఏడీహెచ్‌డీ కావచ్చు, అంటే కుదురూ ధ్యాసా నిలవని సమస్య. తేల్చడం నా పని కాదు. నందిగామలో పిల్లల సైకియాట్రిస్టు ఉన్నారు, అసెస్‌మెంట్ చేయించండి" అన్నారు.

ఆ మాటకి సునీత మొహం మాడిపోయింది. "పిచ్చి డాక్టరు దగ్గరికా? రేపు దీన్ని పిచ్చిపిల్లంటే మీరొచ్చి సమాధానం చెబుతారా అత్తయ్యా?"

"చెబుతాను. అన్నవాడెవడో నా ముందుకి రమ్మను."

మా చర్చి అయ్యగారి చేత ప్రార్థన చేయిస్తే సరిపోతుందంది సునీత. చేయించాం. ఆయన పిల్ల తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించి, "నా వంతు నేను చేశాను. డాక్టరు వంతు మిగిలింది, వెళ్ళండి" అన్నారు. అప్పుడు ఒప్పుకుంది.

ఇక అసలు తప్పు ఆ తర్వాత జరిగింది. మా సంఘానికి పెద్దవాళ్ళెవరైనా వస్తున్నారంటే వారం ముందునుంచే పిల్లలకి నేర్పుతాం. చేతులు కట్టుకోవడం, వందనాలు చెప్పడం, బైబిలు వాక్యం అప్పజెప్పడం. నందిగామ వెళ్ళడానికీ మా ఇంట్లో అదే జరిగింది. యోహాను డ్యూటీ దిగి రాగానే కుర్చీ వేసి పిల్లని కూర్చోబెట్టేవాడు. "కాళ్ళు ఊపకు. అడిగిందానికే చెప్పు. కదిలావంటే చూడు." డాక్టరు ముందు బుద్ధిగా ఉంటే ఏ జబ్బూ లేదని చెప్పి పంపేస్తుందని వాళ్ళ ఆశ.

ఆ ఉదయం కెజియాకి నూనె రాసి రెండు జడలు వేశాం. బస్సులో దాన్ని పట్టుకోలేక చచ్చాం. డాక్టరమ్మ గదిలోకి వెళ్ళగానే మాత్రం "వందనాలండి" అని, చేతులు కట్టుకుని కూర్చుంది. అడక్కుండానే వాక్యం కూడా అప్పజెప్పింది.

డాక్టరమ్మ తల్లిదండ్రుల్ని అడిగింది. "హోంవర్క్ మధ్యలో లేచిపోతుందా?"

"లేదండి" అన్నాడు యోహాను.

"వస్తువులు పోగొడుతుందా?"

"జాగ్రత్తగానే ఉంటుందండి" అంది సునీత.

అన్నిటికీ అంతే. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "టీచరు ఫోన్లో చెప్పింది వేరు, మీరు చెబుతున్నది వేరు. ఇంట్లోనూ బళ్ళోనూ కనిపిస్తేనే ఏడీహెచ్‌డీ అనగలను. ఇవాళ నేనేమీ తేల్చలేను."

యోహాను సంతోషంగా లేవబోయాడు. నేను పిల్లనే చూస్తున్నాను. గదిలో చల్లగా ఉన్నా దాని పైపెదవి మీద చెమట. కుర్చీ కింద కాలివేళ్ళు ముడుచుకుని, ఒకదాన్నొకటి నొక్కుకుంటున్నాయి.

"కూర్చోరా" అన్నాను. "డాక్టరమ్మా, మీరు చూసింది దీన్ని కాదు. వారం నుంచి మేం నేర్పింది చూశారు."

సునీత నా కొంగు లాగింది. "అత్తయ్యా, ఊరుకోండి."

"ఊరుకుంటే ఈసారి లారీ ఆగదు." పిల్ల వైపు తిరిగాను. "చేతులు విప్పుకో అమ్మా."

కెజియా తండ్రి వైపు చూసింది. "నాన్న తిట్టడా?"

యోహాను తల దించుకున్నాడు. "తిట్టను. విప్పుకో."

కుర్చీ వెనక్కి జరిగింది. పిల్ల బరువు చూసే మిషను ఎక్కింది, దిగింది, చేతులు కడుక్కునే కుళాయి తిప్పింది, ఫాను రెగ్యులేటరు పట్టుకుంది, బల్ల కింద దూరింది. డాక్టరమ్మ వారించలేదు. కాసేపు అలాగే చూసి, "మళ్ళీ మొదటినుంచి అడుగుతాను" అంది. ఈసారి సునీతే చెప్పింది, కళ్ళు తుడుచుకుంటూ, మాకు తెలియనివి కూడా.

ఆ తర్వాత ఇంకా కొన్నిసార్లు తిరిగాం. టీచరమ్మ తాను చూసింది రాసి పంపింది. చదువుకి సంబంధించిన టెస్టులు చేశారు. చివరికి డాక్టరమ్మ ఏడీహెచ్‌డీ అని చెప్పింది. "ఇది పిచ్చి కాదు, మీ పెంపకం తప్పూ కాదు. ఆగమని మెదడు చెప్పేలోపే కాలు కదిలిపోతుంది. కొడితే కాలు ఆగదు, పిల్ల భయపడుతుంది అంతే."

మాకు పేరెంట్ ట్రైనింగ్ అన్నారు. ఒకసారి ఒక్క పనే చెప్పాలి. చేస్తే అక్కడికక్కడే మెచ్చుకోవాలి. నేను వయసు మళ్ళాక అక్షరాలు దిద్దినదాన్ని. చదివేటప్పుడు ఇప్పటికీ వరస కింద స్కేలు పెట్టుకుంటాను. కెజియాకీ పెట్టాను, వరసలు దూకడం తగ్గింది. మందు మొదలుపెట్టాక అన్నం మానేసింది. మెడ ఎముకలు తేలేసరికి సునీత మందు ఆపేస్తానంది. డాక్టరమ్మని అడక్కుండా ఆపొద్దని మళ్ళీ నందిగామ తీసుకెళ్ళాను. డోసు తగ్గించి, అన్నం తిన్నాక వెయ్యమన్నారు. మెల్లగా కుదురుకుంది.

బడి ఉంచుకుంది. ముందు బెంచీలో, టీచరమ్మ చేతికి అందేంత దూరంలో కూర్చుంటుంది. పెన్సిళ్ళు ఇప్పటికీ పోగొడుతుంది. రోడ్డు దగ్గర మాత్రం తెల్లగీత మీద పాదాలు పెట్టి నిలబడి, "ఆగాను మామ్మా" అంటుంది. ఒక్కోరోజు మర్చిపోతుంది కూడా. అందుకే దాని చెయ్యి ఇంకా వదలను.

చదివేవాళ్ళకి ఒకటే చెబుతాను. పిల్లని డాక్టరుకి చూపించబోయేముందు ఏమీ నేర్పకండి. ఇంట్లో ఎలా ఉంటుందో అలాగే తీసుకెళ్ళి, చూసింది చూసినట్టు చెప్పండి. మీకు సిగ్గనిపిస్తే, పక్కన నాలాంటి నోరున్నదాన్ని ఒకర్ని తీసుకెళ్ళండి.