లాలిపాటలో కొసరు

గిటార్ తీగ ముట్టుకోవడం కూడా రానివాడు గిటార్ ఆల్బమ్‌ను ముంచగలడా అని అడగకండి. నేను ముంచాను. అదీ ఒకే ఒక్క మాటతో.

ఐటీ కుర్రాళ్లని కంపెనీలు పెళ్లికొడుకుల్లా ఎగరేసుకుపోతున్న రోజులు. దేశం కాని దేశంలో, బుకిట్ బటోక్ ఫ్లాట్‌లో నాతో గది పంచుకున్న ప్రసాద్ పగలు ప్రోగ్రాములు రాసేవాడు, సాయంత్రం గిటార్ మీద సోల్ జాజ్ వాయించేవాడు. అదేం సంగీతమంటారా? చర్చిపాట చొక్కా పైగుండీ విప్పుకుని బజారుకు షికారెళ్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

విజయవాడలో వాడికి కూతురు పుట్టింది. సెలవు దొరకలేదు. "నేను వెళ్లేలోపు నా చేతి లాలిపాటయినా దాని చెవిన పడాలిరా" అన్నాడు. అలా మొదలైంది ఆల్బమ్. లాలిపాట అందులో చివరిది.

బేరాలు నాకప్పగించాడు. కిరాణా కొట్లో పుట్టి పెరిగినవాణ్ణి, ఊరుకుంటానా? అక్కడే సెరంగూన్ పేటలో అద్దాల గది లేని స్టూడియో కుదిర్చాను. వాయించేవాళ్లూ, రికార్డు చేసేవాడూ, నేనూ అందరం ఒకే గదిలో.

"మైకుల్లో దగ్గు కూడా పడుతుందిరా" అన్నాడు ప్రసాద్.

"దగ్గను. అద్దానికి కూడా అద్దె కడతామా?"

ఆర్గన్‌కి లిమ్ అంకుల్, డ్రమ్స్‌కి ఆయన తమ్ముడు వచ్చారు. మర్నాడే ఇద్దరూ పెనాంగ్ వెళ్లిపోవాలి. మిగతా పాటలు సాఫీగా అయ్యాయి గానీ లాలిపాట మొండికేసింది. ఒకసారి తీగ తెగింది. ఒకసారి పాప గుర్తొచ్చి ప్రసాద్‌కే ఏడుపొచ్చింది.

"లాస్ట్ వన్ ఆ! ఆఫ్టర్ దట్ ఐ గో లా" అన్నాడు అంకుల్ వాచీ చూసుకుంటూ. మాట చివర "లా" తగిలించడం అక్కడివాళ్ల అలవాటు.

ఈసారి కుదిరింది. గిటార్ జోకొడుతోంది, ఆర్గన్ ఊయల ఊపుతోంది. చివరి స్వరం సన్నగిల్లుతుండగా రికార్డు చేసేవాడు చెయ్యెత్తాడు. శబ్దం పూర్తిగా ఆరేదాకా కదలొద్దని దానర్థమట. మా బజారులో మాత్రం చెయ్యెత్తితే కొట్టు కట్టేస్తున్నట్టు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, కొట్టు కట్టేసేవాడు పెడతాడా?

"అంకుల్, కొసరు!" అని అరిచాను.

నెత్తిన బెల్లం దిమ్మ పడ్డట్టయింది ప్రసాద్ మొహం. లిమ్ అంకుల్ మాత్రం బుద్ధిగా తలాడించి మళ్లీ ఎత్తుకున్నాడు. విధిలేక ప్రసాద్ అందుకున్నాడు. ఆ చుట్టు మొదటిదానికన్నా మెత్తగా వచ్చింది.

అయ్యాక, మళ్లీ ఎందుకెత్తుకున్నారని అడిగితే అంకుల్ తెల్లబోయాడు. "యూ షౌట్ కోరస్, సో ఐ ప్లే లా!" జాజ్ వాయించేవాళ్ల భాషలో కోరస్ అంటే పాటంతా ఇంకో చుట్టు వాయించడమట!

"నా కూతురి లాలిపాటలో నీ కిరాణా కొట్టేంట్రా!" అని తల పట్టుకున్నాడు ప్రసాద్. నా కేక గిటార్ స్వరానికి జీడిలా అంటుకుపోయింది. కత్తిరిస్తే రెండూ పోతాయి. సీడీ అలాగే విజయవాడ వెళ్లింది.

కొన్నాళ్లకు ప్రసాద్ భార్య సుజాత ఫోన్ చేసి నన్ను పిలవమంది.

"అన్నయ్యగారూ, పాట అయ్యేసరికి పాప నిద్రలోకి జారుతుందండీ. సరిగ్గా అప్పుడు మీరు అరుస్తారు. ఉలిక్కిపడి లేస్తుంది."

"తప్పయిపోయిందమ్మా. నా కేక రాకముందే ఆపెయ్యరాదూ?"

"ఆపితే ఊరుకుంటుందా! మీ కేకకి కిలకిలా నవ్వుతుంది. ఆ తర్వాత వాళ్ల నాన్న కొసరు వింటేనే అసలు నిద్ర."

రిసీవర్‌కి రెండోవైపు చెవి ఆనించిన ప్రసాద్ చప్పున అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. నా కళ్లలో ఏదో పడింది, అది వేరే సంగతి.

కాబట్టి పాఠక మహాశయులారా, ఆర్గన్ సాక్షిగా చెబుతున్నాను. మైకు ఉన్న గదిలో ఈ జన్మలో ఇక కొసరు అడగను. ఒట్టు. నమ్మకం కుదరలేదా? ఇదిగో, కొసరుగా ఇంకో ఒట్టు.