కదపకూడని అతుకు

ఫిబ్రవరి పన్నెండు. పట్టు కొలిచే పరికరం మీద అతని కుడిచేతి అంకె: సున్నా.

ఇరవై ఏడేళ్లుగా భూమిలోపలి టెలిఫోన్ కేబుళ్లను అతికిన చేయి అది. గుంతలో దీపం ఆరిపోయినా, తీగ మీది తొడుగు ఎక్కడ చిట్లిందో వేలికొనతో తడిమి చెప్పేవాడని తోటివారు అంటారు. నవంబరులో జ్వరం వచ్చి తగ్గింది. ఆ వెనుకే పాదాలు, తర్వాత చేతులు మొద్దుబారాయి. ఒంటిని కాపాడవలసిన వ్యవస్థే పొరబడి నరాల తొడుగును తినేస్తోందని ఆసుపత్రిలో తేల్చారు. మందులతో దాడి ఆగింది. చేతులు తిరిగి వస్తాయని మాత్రం ఎవరూ ఖాయంగా చెప్పలేదు. అవి రాకపోతే అతనికి వేరే విద్య లేదు.

"తీగ బాగానే ఉంది, తొడుగే పోయింది" అన్న డాక్టరు మాట అతనికి అవసరానికి మించి అర్థమైంది. కొత్త అతుకులో పోసిన జిగురు గట్టిపడేదాకా కేబుల్‌ను కదపకూడదన్నది అతని వృత్తిలో మొదటి పాఠం. ఇంటికి రాగానే భార్య చేత రెండు చేతులకూ తువ్వాళ్లు చుట్టించుకుని, దిండ్ల మధ్య కదలక పడుకున్నాడు. డాక్టరు చేయమన్న వ్యాయామాలు సాగుతున్నాయని ఆసుపత్రికి ఫోనులో చెబుతూ వచ్చింది ఆమే.

ఫిబ్రవరి పన్నెండున పట్టు కొలవడానికి ఇంటికి వచ్చిన ఫిజియోథెరపిస్టు తువ్వాళ్లు విప్పింది. వేళ్లు లోపలికి ముడుచుకుని బిగుస్తున్నాయి.

"ఎవరు కట్టారివి?"

"నేనేనమ్మా. కదిపితే అతుకు ఊడుతుందన్నారు. ఈయన మాట నేను జవదాటింది ఉప్పు విషయంలోనే." నవ్వబోయి ఆగిపోయింది భార్య.

"బాబాయ్, మీ కేబుల్‌కి టేపు చుట్టేదెవరు?"

"నేనే."

"ఇక్కడ మీరు కాదు. వార్త మోసే కణం వేరు, దాన్ని చుట్టుకుని కాపాడే కణం వేరు. మోసేది చస్తే మళ్లీ పుట్టడం దాదాపు ఉండదు. చుట్టుకునేది వార్త మోయదు గానీ, తీగకు తిండి పెడుతుంది, ఒకటి రెండవుతుంది, ఊడినచోట మళ్లీ చుట్టుకుంటుంది. దాని పని అది చేసుకుంటోంది. ఈలోగా కీళ్లు బిగుసుకుపోయాయనుకోండి, లైను కలిసినా మోగడానికి ఫోనుండదు."

"అయితే నా చేతులారా నేనే..."

ఫిజియోథెరపిస్టు అతని బొటనవేలు పట్టుకుని, ఎలా వంచాలో భార్యకు చూపించింది.

తరువాతి వారం కూడా పరికరం సున్నాయే చూపింది. అయితే ఆ ఉదయం భార్య వేళ్లు వంచుతుండగా అతను "అబ్బా" అన్నాడు. ఆమె బెదిరి వదిలేసింది.

"వదలకు. నీ ఉంగరం గుచ్చుకుంది. ఎక్కడో చిట్లినట్టుంది, చూడు."

ఆమె ఉంగరాన్ని తిప్పి చూసుకుంది. చిట్లింది.